ఎరుక లోపం

నర్సు చదువు రెండో ఏడాదిలో ఉండగా రవీవన్ చేతుల్లో ఒక పసిబిడ్డ పోయాడు. సెలవు పెట్టి ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఏం చేయాలో తోచక వాళ్ళమ్మ ఆమెను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని, ఊరి బయట అడవిలోని బౌద్ధ విహారంలో గుండు చేయించుకుని, తెల్లబట్టల్లో సన్యాసినిగా ఉంటున్న తన అక్క దగ్గరికి తీసుకుపోయింది. ఆ పెద్దమ్మ ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు.

"ఏడుపొస్తే ఏడువు. ఏడుస్తున్నానని తెలుసుకుంటూ ఏడువు," అంది.

కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయింది రవీవన్. పొద్దున ఆకులు ఊడవడం, సాయంత్రం ఊపిరి చూసుకుంటూ కూర్చోవడం. దుఃఖం పోలేదు గానీ, దుఃఖానికీ తనకూ మధ్య చాప పరుచుకునేంత చోటు దొరికింది. ఆ చోటు చూసుకునే ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం నెట్టుకొచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి డ్యూటీ అయ్యాక మాట్లాడదామనేది, డ్యూటీ ఎప్పుడూ అయ్యేది కాదు. రోజూ తెల్లవారుజామున ధ్యానానికి కూర్చుంటానన్న సంగతి మాత్రం ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. పళ్ళు తోముకుంటున్నానని ఎవరైనా చెప్పుకుంటారా.

బ్యాంకాక్‌కి రాత్రంతా బస్సు ప్రయాణమంత దూరంలో, మూన్ నది పక్కన ఉన్న ఆ సర్కారు ఆసుపత్రిలో ఆమెది మగవాళ్ళ వార్డు. మంచాలు నిండితే వరండాలో మడత మంచాలు వేసేవారు, అవీ నిండితే చాపలు. వచ్చినవాళ్ళని పొమ్మనే వీల్లేదు. నర్సులు మాత్రం పోతూనే ఉన్నారు. ఒకమ్మాయి బ్యాంకాక్‌లో ప్రైవేటు ఆసుపత్రికి, ఒకమ్మాయి మొహాలకి మెరుగులు పెట్టే క్లినిక్కుకి, ఇంకొకమ్మాయి ఎక్కడికో చెప్పకుండానే. వాళ్ళ స్థానాల్లోకి కొత్తవాళ్ళు రాలేదు. ఉన్నవాళ్ళే డ్యూటీ మీద డ్యూటీ చేసేవారు.

ఉన్నవాళ్ళలో అందరికన్నా చిన్నది థన్యారత్. పై పళ్ళు రెండూ కాస్త ముందుకి ఉంటాయని చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళు క్రతాయ్ అన్నారు, అంటే కుందేలు. అదే పేరు మిగిలింది. వార్డులో ముసలివాళ్ళంతా "కుందేలు నర్సమ్మా, ఇటు రా తల్లీ" అని పిలిస్తే, నిజంగానే గెంతుకుంటూ పోయేది.

ఒక మధ్యాహ్నం రవీవన్ దుప్పట్ల కోసం సామాన్ల గదిలోకి వెళ్తే, ఉతికిన కట్టల మధ్య క్రతాయ్ నేలమీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తన చేతులు తనే చూసుకుంటోంది.

"లేవలేకపోతున్నానక్కా," అంది. "కాళ్ళు బానే ఉన్నాయి. లేవాలనే ఉంది. లేవడమే రావట్లేదు."

"ఏమైంది?"

"ఏమీ అవలేదు. అదే భయంగా ఉంది. పొద్దున మూల మంచం తాతయ్య పోయాడు కదా. నాకేమీ అనిపించలా. మంచం ఖాళీ అయింది, వరండాలో ఆయన్ని లోపలికి తేవచ్చు అనిపించింది. అంతే అనిపించింది." చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఉద్యోగం మానేస్తానక్కా. మానేస్తానని చెప్పడానికి మేట్రన్ గది దాకా నడవాలి, దానికీ ఓపిక లేదు," అంది.

రవీవన్ తలుపు దగ్గరగా వేసి ఆమె పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. పెద్దమ్మ గొంతే నోట్లోకి వచ్చింది.

"కళ్ళు మూసుకో. ముక్కు దగ్గర గాలి తెలుస్తోందా? వస్తోంది, పోతోంది. దాన్ని నువ్వు నడపక్కర్లేదు. ఈ ఆసుపత్రిలో నువ్వు చెయ్యకపోయినా జరిగే పని అదొక్కటే."

క్రతాయ్ నవ్వబోయి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, దుప్పట్లు ఎత్తుకుని వార్డులోకి పోయింది. మర్నాడు డ్యూటీకి ముందు తనే వచ్చి, "గదిలో కూర్చుందామా అక్కా?" అని అడిగింది.

అలా మొదలైంది. కొన్నాళ్ళకి ఇంకో ఇద్దరు చేరారు, తర్వాత పక్క వార్డు వాళ్ళు. దుప్పట్ల కట్టలే పీటలు. ఆయా తోంగ్‌బైకి కూర్చునే అలవాటు లేదు గానీ గుమ్మం దగ్గర కాపలా నిలబడేది. నోరున్న మనిషి. ఎవరైనా వచ్చి నర్సులు ఎక్కడని అడిగితే, "లోపల ఊపిరి పీల్చుకుంటున్నారు. బయట కుదరట్లేదంట," అనేది.

ఆ నెలల్లో ఆ గదిలో జరిగింది అబద్ధం కాదు. నిద్రపట్టని వాళ్ళకి నిద్ర పట్టింది. డాక్టరు కసిరితే బాత్రూంలోకి పోయి ఏడ్చే అమ్మాయి, కసిరినప్పుడు తన చెవులు వేడెక్కడం చూసుకుని ఊరుకోవడం నేర్చుకుంది. క్రతాయ్ మళ్ళీ ముసలివాళ్ళ గోళ్ళు తీయడం మొదలుపెట్టింది. ఆమె మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి రవీవనే అడిగింది, ఇంకా వెళ్ళిపోవాలనిపిస్తోందా అని.

"అనిపిస్తుందక్కా. వస్తుంది, పోతుంది. మీరు చెప్పినట్టే చూస్తూ ఉంటా," అంది.

రవీవన్‌కి ఆ మాట ఎంతో సంతోషంగా తోచింది.

మేట్రన్ ఉబోన్‌కి ఈ సంగతి తెలిసింది. ఉబోన్, రవీవన్ ఒకే బ్యాచి. హాస్టల్లో ఒకే గదిలో ఉండి, ఒకే గంపలో జిగురన్నం తిన్నవాళ్ళు. ఒకరోజు ఉబోన్ చెప్పులు బయట విడిచి సామాన్ల గదిలోకి వచ్చి చివర కూర్చుంది. అయ్యాక అందరూ వెళ్ళినా ఆమె లేవలేదు.

"ఇన్నేళ్ళూ నా దగ్గర దాచావేమే?" అంది.

"నువ్వడగలేదుగా."

"మనుషుల్ని ఇవ్వండి మొర్రో అని ప్రతి మీటింగులో అడుగుతున్నా. వింటారు, తలూపుతారు, టీ తాగి పోతారు. కనీసం ఇదైనా అందరికీ దొరకనీ. డైరెక్టరు గారితో మాట్లాడతా."

రవీవన్ సరేనంది. ఎందుకు కాదనాలి? మంచి మందు తన వార్డులోనే ఎందుకు దాచుకోవాలి?

తర్వాత పనులన్నీ చకచకా జరిగిపోయాయి. మేడమీద మీటింగు హాల్లో ఆకుపచ్చ దిండ్లు వెలిశాయి. 'ఎరుకతో సేవ' అని అచ్చువేసిన చొక్కాలు కుట్టించారు. బ్యాంకాక్ నుంచి ఒక చదువుకున్నావిడ వచ్చి, మెదడు బొమ్మలు చూపించి, చక్కగా, నమ్మకంగా మాట్లాడింది. ఆవిడ చెప్పిన దాంట్లో రవీవన్‌కి తప్పేమీ కనిపించలేదు. ఆవిడ వెళ్ళాక రోజూ నేర్పే పని రవీవన్‌కి అప్పగించారు. అన్ని వార్డుల వాళ్ళూ వంతులవారీగా రావాలి, డ్యూటీకి ముందు పావుగంట. రాకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

"ఊపిరి చూసుకోమంటున్నారు, బానే ఉంది," అంది తోంగ్‌బై. "ఉచ్చ పోసుకోడానికి టైమెప్పుడిస్తారో అది కూడా కనుక్కో రవీ అక్కా. పొద్దుట్నుంచీ బిగబట్టుకుని తిరుగుతున్నారు పిల్లలు."

"అదీ అడుగుతాలే," అంది రవీవన్ నవ్వుతూ. అడగలేదు.

నేర్పడానికి ఆమె మేడ మీదికి పోతే వార్డులో ఆమె చోటు ఖాళీ. దాన్ని ఎవరితోనూ నింపలేదు. కొన్నాళ్ళేగా, సర్దుకోండన్నారు.

ఏడాది తిరిగేసరికి ఆసుపత్రికి బహుమతి వచ్చింది. నర్సుల అలసట గురించి ప్రశ్నలడిగి, ముందుకన్నా తగ్గిందని తేల్చారు. మానేసి పోయేవాళ్ళు కూడా తగ్గారు. పెద్ద సభ పెట్టారు. పూలు, పాటలు, పై ఆఫీసుల నుంచి పెద్దమనుషులు. రవీవన్‌ని మొదటి వరసలో కూర్చోబెట్టి మెడలో మల్లెల దండ వేశారు. డైరెక్టరు గారు మైకు పట్టుకున్నారు. మంచి మాటకారి.

"వేరే ఆసుపత్రులు మనుషుల్ని పంపండి, మనుషుల్ని పంపండి అంటున్నాయి. మా నర్సులు అలా అనలేదు. బలం బయట కాదు, లోపల వెతుక్కున్నారు. దొరికింది. ఈ ఏడాది మేము కొత్త నర్సుల కోసం అర్జీ పెట్టడం లేదని సంతోషంగా మనవి చేస్తున్నాను. ఉన్నవాళ్ళతోనే మేము నిండుగా ఉన్నాం."

హాలంతా చప్పట్లు మోగాయి. రవీవన్ కూడా కొట్టింది. విన్న మాట అర్థమయ్యేసరికి ఆమె చేతులు రెండు మూడు సార్లు కలిసి విడిపోయాయి. పక్కకి తిరిగి ఉబోన్ వంక చూసింది. ఉబోన్ వేదిక మీది పూలకుండీని చూస్తోంది.

ఆ యేడు వానలు ముందే పట్టుకున్నాయి. పొలాల్లో బురదనీళ్ళ జ్వరాలు, దోమల జ్వరాలు. వార్డు నిండి, వరండా నిండి, మెట్ల కింద కూడా చాపలు పడ్డాయి. వరండా కప్పు కారడంతో ఒక మధ్యాహ్నం మంచాలన్నీ ఇటువి అటూ అటువి ఇటూ జరిపారు. ఆ వార్డులో ఖమ్‌సింగ్ అనే పేరుతో ఇద్దరు ముసలివాళ్ళున్నారు. ఒకాయనకి షుగరు. ఇంకొకాయనకి జ్వరం, రెండు రోజులుగా గంజి తప్ప ఏమీ దిగడం లేదు. జరపకముందు కిటికీ పక్కనున్నది షుగరాయన. జరిపాక అక్కడికి జ్వరమాయన వచ్చాడు.

క్రతాయ్ అంతకు ముందు డ్యూటీ చేసి, మనిషి లేక ఒంటిమీద అవే బట్టలతో రెండో డ్యూటీలో నిలబడింది. తోడు పక్క వార్డు నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి, అంతే. సాయంత్రం భోజనాల బండి వచ్చే ముందు ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఇవ్వాలి. ఒక మూల ఒకాయన వాంతి చేసుకుంటున్నాడు, వరండాలోంచి ఎవరో అరుస్తున్నారు. క్రతాయ్ కిటికీ దగ్గరికి పోయి, "ఖమ్‌సింగ్ తాతయ్యేగా?" అంది. ముసలాయన కళ్ళు తెరవకుండానే ఊఁ అన్నాడు. ఇంజెక్షను ఇచ్చేసింది.

బండి వచ్చింది. ఆయన అన్నం ముట్టలేదు. నిద్రపోతున్నాడనుకున్నారు. పళ్ళేలు తీయడానికి వచ్చిన తోంగ్‌బై ఆయన చొక్కా చెమటతో నానిపోయి ఉండటం చూసి కేకేసింది.

ఆ వేళకి రవీవన్ మేడమీద హాల్లో ఉంది. ప్రసూతి వార్డు వాళ్ళు వరసగా ఆకుపచ్చ దిండ్ల మీద కూర్చుని ఉన్నారు. కింద ఎవరో పరిగెత్తుతున్న చప్పుడైంది. "చప్పుడు వినిపిస్తే వినిపిస్తోందని తెలుసుకోండి. దాని వెంట పోకండి," అని చెప్పిందామె.

తిండిలేని ఒంట్లో ఇన్సులిన్‌తో చక్కెర బాగా పడిపోయినా, ఖమ్‌సింగ్ తాతయ్య బతికాడు. కళ్ళు తెరిచాడు గానీ మాట పోయింది. భార్య చెయ్యి పట్టుకుంటే అది ఎవరి చెయ్యో ఆయనకి తెలియలేదు. ఆవిడ రోజూ గంపలో జిగురన్నం, కాల్చిన చేపముక్క తెచ్చి, పక్కన పెట్టి కూర్చునేది.

"ఆ కుందేలు పిల్ల కనపడట్లేదేంటమ్మా?" అని రవీవన్‌ని అడిగింది.

"ఇప్పటికి వార్డులోకి రావద్దన్నారు, పెద్దమ్మా."

"ఆ పిల్ల చేతనే ఇట్లా అయిందని చెప్పార్లే నాకు." ముసలావిడ భుజం మీది తువ్వాలుతో మొగుడి మూతి తుడిచింది. "కోపం లేదని అనను. ఉంది. కానీ ఆ రోజంతా నేనిక్కడే ఉన్నా. ఆ పిల్ల ఒక్క నిమిషం కూర్చోవడం నేను చూళ్ళా. మీవాళ్ళెవరైనా అడిగితే చెబుదామనుకున్నా. ఎవరూ అడగలా."

విచారణ కమిటీ వేశారు. రవీవన్‌ని పిలిచారు. బల్ల అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్నది డైరెక్టరు కింది పెద్దాయన, మెత్తటి మనిషి. ముందు మంచినీళ్ళు ఇప్పించాడు.

"ఈ అమ్మాయి మీ దగ్గర ధ్యానం నేర్చుకుందా?"

"నేర్చుకుంది సార్."

"క్రమంగా వచ్చేదా?"

"ఒక్కరోజు కూడా మానలేదు."

"శ్రద్ధగా చేసేదా?"

మంచి మాట చెబితే పిల్లకి మేలు జరుగుతుందనుకుంది రవీవన్. "మా అందరిలోకీ బాగా చేసేది సార్. నాకన్నా బాగా," అంది.

పెద్దాయన తలూపి, పక్కాయనతో అన్నాడు: "అయితే సంస్థ తరఫున ఇవ్వాల్సింది ఇచ్చాం."

ఆ మాట ఎటు పోతోందో అప్పుడు తెలిసింది ఆమెకి. "సార్, ఆ రోజు తను వరసగా రెండో డ్యూటీలో ఉంది. వార్డంతటికీ ఇద్దరే. మంచాలు మార్చారు. నేను కూడా వార్డులో లేను, మీరు పెట్టిన క్లాసులోనే..."

"సిబ్బంది విషయం ఈ కమిటీ చూడదమ్మా. అది వేరేచోట మాట్లాడుకుందాం. ఇప్పుడు మనం చూసేది ఒకటే, ఇంజెక్షను ఇచ్చే నిమిషంలో ఆ అమ్మాయి ఎరుకతో ఉందా, లేదా."

రవీవన్ నోరు తెరిచింది. ఆ మాట తనదే. రోజూ తన నోటితో తనే చెప్పిన మాట.

కమిటీ తేల్చింది: తగిన శిక్షణ పొంది కూడా వ్యక్తిగతంగా ఎరుక లోపించడమే ప్రమాదానికి కారణం. క్రతాయ్‌ని రోగుల దగ్గరికి పోనివ్వకుండా పాత ఫైళ్ళ గదిలో వేశారు. నర్సు లైసెన్సు సంగతి పైవాళ్ళు తేలుస్తారన్నారు.

క్యాంటీన్లో ఆమె ఒక్కతే కూర్చుని ఉంటే రవీవన్ ఎదురుగా పోయి కూర్చుంది.

"అప్పీలు చేద్దాం. నేనొస్తా, తోంగ్‌బై వస్తానంది. నలుగురు చేసే పని నీ ఒక్కదాని చేత చేయించారు."

"అది నిజమే అక్కా," అంది క్రతాయ్. "కానీ సిరంజి పట్టుకున్నప్పుడు నేను నా ఊపిరి చూసుకోలేదు. చూసుకుంటే ఆయన మొహం చూసేదాన్ని. రోజూ కూర్చుని కళ్ళు మూసుకుని వెనక్కి పోయి చూస్తున్నా. అక్కడే తప్పింది. నాదే తప్పింది."

"నువ్వు మనిషివే పిల్లా."

"అందుకేగా అక్కా మీరు నేర్పింది."

రవీవన్‌కి ఆ పిల్ల చెంప మీద కొట్టాలనిపించింది. తర్వాత తన చెంప మీద తనే కొట్టుకోవాలనిపించింది. ఏదీ చేయలేదు. కొన్నాళ్ళకి క్రతాయ్ ఎవరూ పొమ్మనకుండానే ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోయింది.

రవీవన్ మేట్రన్ గదికి పోయి నిలబడింది.

"కొత్త మనుషులు అక్కర్లేదని సభలో డైరెక్టరు చెబుతాడని నీకు ముందే తెలుసా?"

ఉబోన్ కళ్ళజోడు తీసింది. "తెలుసు. చెప్పొద్దన్నా. ఇంత మంచి ఫలితం వచ్చాక ఇంకా మనుషులెందుకు అన్నాడు. ఏం చెప్పను? ఫలితం అబద్ధమని చెప్పనా? నువ్వు కష్టపడి తెచ్చింది."

"నిజం చెప్పొచ్చుగా. వాళ్ళు అలసిపోవడం మానలేదు, అలిశామని చెప్పడం మానేశారు."

"నువ్వు చెప్పొచ్చుగా ఆ రోజు? మొదటి వరసలోనే కూర్చున్నావు, మెడలో దండ కూడా ఉంది." ఉబోన్ గొంతు హఠాత్తుగా హాస్టలు రోజుల గొంతయింది. "నన్ను మాత్రమే తిట్టకు రవీ. ఇన్నేళ్ళు మనుషుల్ని అడుక్కున్నా, ఇవ్వలేదు. నువ్వు అడక్కుండానే ఓపిక ఇచ్చావు, తీసుకున్నారు."

రవీవన్ వార్డుకి తిరిగిపోయింది.

జరిగినదానికి మగవాళ్ళ వార్డు నర్సులు కుంగిపోయారని, వాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక ధ్యానం పెట్టమని పైనుంచి కబురొచ్చింది. అందరూ దిండ్ల మీద కూర్చున్నారు. కళ్ళు మూసుకోమంటుందని ఎదురుచూశారు.

"ఇవాళ ఎవరూ కళ్ళు మూసుకోవద్దు," అంది రవీవన్. "పక్కనున్న వాళ్ళ మొహం చూడండి. ఎలా ఉందో పైకి చెప్పండి."

ముందుగా కొత్తమ్మాయి పక్కనున్నామె వైపు చూసి, "కళ్ళకింద నల్లగా ఉంది. పెదవులు పగిలాయి," అంది. ఇంకొకామె, "నాకు మూడు నెలలుగా ముట్టు రావట్లేదు. డ్యూటీల వల్లే అంది డాక్టరమ్మ," అంది. తర్వాత ఒకరి తర్వాత ఒకరు. మనుషుల్ని ఇచ్చేదాకా రెండో డ్యూటీ చేయబోమని అందరం కలిసి చెబుదామంది రవీవన్. చాలామంది చేతులెత్తారు.

వారం తిరగకుండా చేతులు దిగిపోయాయి. ఒకామె మొగుడికి బదిలీ కావాలి, ఒకామెకి పై చదువుకి సంతకం కావాలి. ఒకామె మాత్రం ఉన్నమాట చెప్పింది: "భయమక్కా. ఇంతకు ముందైతే కోపంలో ఏదో ఒకటి చేసేసేదాన్ని. ఇప్పుడు కోపం వస్తే కూర్చుని చూస్తున్నా, పోతోంది. పోయాక భయమొక్కటే మిగులుతోంది."

రవీవన్‌ని ఆపరేషన్ పనిముట్లు ఆవిరిలో ఉడకబెట్టే విభాగానికి మార్చారు. శిక్ష కాదు, చాలా అలసిపోయారు, కాస్త విశ్రాంతిగా ఉంటుందని చెప్పి పువ్వు కూడా ఇచ్చారు. హాల్లో నేర్పడానికి మనిషి అక్కర్లేకపోయింది. ఆమె గొంతు ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. డ్యూటీ మారే వేళకి స్పీకర్లో అది వినిపించేది. "దాని వెంట పోకండి" అని ఆమె గొంతే ఆవిరి గదిలో ఆమె నెత్తిమీద నుంచి చెప్పేది. మొదట్లో తలుపేసుకునేది. తర్వాత తలుపేసినా వినిపిస్తోందని మానేసింది.

ఇంట్లో తెల్లవారుజామున కూర్చుంటే ఊపిరి అందడం లేదు. అందినా, కింద ఎవరో పరిగెత్తుతున్న చప్పుడే దాంతో కలిసి వస్తోంది. ఇరవై ఏళ్ళ అలవాటు తెగింది. లేచిపోయి బట్టలు ఉతుక్కోవడం మొదలుపెట్టింది.

వానలు వెలిశాక ఒక సెలవురోజు బస్సెక్కి క్రతాయ్ వాళ్ళ ఊరు వెళ్ళింది. రోడ్డు పక్కన వాళ్ళమ్మకి నూడిల్స్ అంగడి ఉంది. క్రతాయ్ పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలు నింపుతోంది. ఒళ్ళు కాస్త వచ్చింది, మొహం తేటగా ఉంది. రవీవన్‌ని చూసి చేతులు జోడించి, పరిగెత్తుకొచ్చి పట్టుకుంది.

"నీ లైసెన్సు గురించి ఒక వకీలుతో మాట్లాడాను," అంది రవీవన్, కూర్చోకముందే. "గెలవొచ్చంటున్నాడు."

"వద్దక్కా. నేను దాన్ని వదిలేశాను."

"వదలడమేంటి? చదువుకున్నావు. కష్టపడ్డావు. వాళ్ళ తప్పు నీ నెత్తిన పెట్టారు. నీకు కోపం రాదా?"

"వస్తుంది," అంది క్రతాయ్ నెమ్మదిగా. "వస్తే చూస్తా. రోజూ విహారానికెళ్ళి కూర్చుంటున్నాగా. నెలకోసారి ఖమ్‌సింగ్ తాతయ్య వాళ్ళింటికెళ్ళి ఆయనకి స్నానం చేయించి వస్తా. తాతయ్య భార్య ఏమీ అనదు. మీరు ఇది నేర్పకపోయి ఉంటే ఎప్పుడో చచ్చిపోయేదాన్నక్కా. నిజంగా."

వాళ్ళమ్మ గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది. "తినండమ్మా, మా పిల్లని కాపాడిన తల్లి మీరు," అంది.

తినకపోతే బాగుండదని రవీవన్ తింది. పులుసులో మిరపకారం ఎక్కువైంది. కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. కారం తగ్గించమంటారా అని క్రతాయ్ అడిగితే వద్దంది. ఆ పిల్ల నవ్వుతూ ఎదురుగా కూర్చుని, అక్క ఇలా ఎందుకు చిక్కిపోయిందో తెలియక, సరిగ్గా నిద్రపోతున్నారా అని, ధ్యానానికి కూర్చుంటున్నారా అని అడుగుతూనే ఉంది.

"కూర్చుంటున్నా," అని అబద్ధం చెప్పింది రవీవన్.

సాయంత్రం బస్సుకి తిరిగొచ్చింది. మర్నాడు ఆవిరి గదిలో కత్తెర్లు, చిమటాలు మూటలు కడుతుంటే, వేరే ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుల చిన్న బృందాన్ని వెంటబెట్టుకుని ఉబోన్ అటుగా వచ్చింది. ఒప్పంద ఉద్యోగాలు. ఆ ఆసుపత్రి పైవాళ్ళని అడిగి తెచ్చుకున్నవాళ్ళని శిక్షణకి ఇక్కడికి పంపారట, ఇది పేరున్న చోటని.

"ఈవిడే," అంది ఉబోన్ వాళ్ళతో. "మా దగ్గర ధ్యానం మొదలుపెట్టింది ఈవిడే."

అమ్మాయిలంతా చేతులు జోడించారు. ఒకమ్మాయి ముందుకొచ్చి, "మాకేమైనా చెప్పండి పెద్దమ్మా," అంది.

రవీవన్ చేతిలో మూట కింద పెట్టింది. ఉబోన్ వైపు చూసింది. ఉబోన్ ఈసారి చూపు తిప్పుకోలేదు. చెప్పమన్నట్టే నిలబడింది.

"ఆకలేసినప్పుడు తినండి," అంది రవీవన్. "కాళ్ళు నొప్పెడితే కూర్చోండి. రెండో డ్యూటీ చేయమంటే చేయలేనని చెప్పండి."

అమ్మాయిలు మొహాలు చూసుకుని, ఆవిడేదో లోతైన మాట చెప్పిందనుకుని, భక్తిగా తలలూపారు. ఒకమ్మాయి చిన్న పుస్తకం తీసి రాసుకుంది కూడా. తర్వాత పావుగంట ధ్యానానికి టైమైందని ఉబోన్ వాళ్ళని మేడమీదికి తీసుకుపోయింది.